అడవి గింజలు ఎందుకు మొలవవు? వెలుతురు, వేడి, మట్టి గురించి హైదరాబాద్ మిద్దె తోటల నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

మృగశిర కార్తె దగ్గర పడిందంటే ఫోన్‌లో అవే ప్రశ్నలు మొదలవుతాయి. తంగేడు మొలవలేదు, గునుగు మొలవలేదు, వెయ్యని వయ్యారిభామ మాత్రం కుండీ నిండా వచ్చింది. విడివిడిగా చెప్పీ చెప్పీ చివరికి అన్నీ ఒకచోట పెట్టాను. వరుసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. చాలామంది ఎరువు గురించి అడుగుతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది గింజ ఎంత ఉంది, తొక్క ఎంత గట్టిగా ఉంది అన్నది.

## గింజ ఏరేటప్పుడు

టమాటా గింజ వారంలో మొలుస్తుంది. అడవి మొక్కల గింజలకి ఇంత బెట్టు ఎందుకు?

టమాటా, వంకాయ లాంటివాటిని మనుషులు తరతరాలుగా సాగు చేస్తున్నారు. వేయగానే మొలిచినవాటి నుంచే మళ్లీ విత్తనం కట్టుకుంటూ వచ్చారు కాబట్టి ఆలస్యంగా మొలిచే గుణం వాటిలో దాదాపు పోయింది. అడవి మొక్కకి ఆ తొందర ప్రమాదం. గింజలన్నీ తొలి వానకే మొలిచి, తర్వాత మూడు వారాలు చినుకు పడకపోతే వంశమే పోతుంది. అందుకే ఒకే మొక్క గింజల్లో కొన్ని ఈ ఏడు, కొన్ని వచ్చే ఏడు, ఇంకొన్ని ఆ తర్వాత మొలుస్తాయి. గింజ బతికే ఉండి, తడి తగిలినా మొలవకుండా ఆగే ఈ స్థితిని సుప్తావస్థ అంటారు. తొక్క నీటిని లోపలికి రానివ్వకపోవడం ఒక కారణం. లోపలి పిండం ఇంకా ఎదగకపోవడం, లోపలి హార్మోన్లు మొలకను ఆపి ఉంచడం మిగతా కారణాలు. కొన్ని గింజల్లో ఇవి కలిసి కూడా ఉంటాయి. మీ గింజకి ఏది అడ్డమో తెలిస్తేనే విరుగుడు తెలుస్తుంది.

కేబీఆర్ పార్కులో వాకింగ్‌కి వెళ్తాను. కింద రాలిన గింజలు తెచ్చుకోవచ్చా?

వద్దు. కేబీఆర్, చిలుకూరు దగ్గరి మృగవని రెండూ జాతీయ ఉద్యానాలు. అనుమతి లేకుండా అక్కడి నుంచి ఏదీ తీసుకెళ్లడానికి వీల్లేదు, రాలిన గింజ కూడా. నిజానికి అవసరమూ లేదు. తంగేడు, రేల, కానుగ, మోదుగ ఔటర్ రింగ్ రోడ్డు దాటితే ఊళ్ల దారుల వెంట కావాల్సినన్ని దొరుకుతాయి. పొలం గట్టు మీదవైతే రైతును ఒక మాట అడగండి. ఒక చెట్టు నుంచే అన్నీ కోయకుండా నాలుగైదు చెట్ల నుంచి కొద్దికొద్దిగా తీసుకోండి.

గునుగు, తంగేడు గింజలు ఎప్పుడు ఏరాలి?

బతుకమ్మకి పువ్వు కోసేప్పుడు గింజ ఇంకా ముదరదు. గునుగు కంకి ఎండి రంగు వెలిసి, అరచేతిలో దులిపితే నల్లగా మెరిసే గింజలు రాలాలి. దీపావళి దాటాక చూడండి. తంగేడు కాయ గోధుమరంగుకి తిరిగి ఎండాక కోయాలి. పచ్చి కాయ కోసి ఎండబెడితే గింజ ముడుచుకుపోతుంది. పండగకి ఊరవతల గునుగంతా కోసేస్తే మరుసటి ఏటికి గింజ ఉండదు, పదింటికి రెండు కంకులైనా వదలండి.

ఒకే రకం మొక్క. రోడ్డు పక్కన ఏరిన గింజలు మొలిచాయి, చేను దగ్గరివి మొలవలేదు. ఇదెలా?

గింజ తల్లి మొక్క మీద ఉన్నప్పుడే సగం సంగతి తేలిపోతుంది. గింజ ముదిరే రోజుల్లో బాగా వేడి, నీటి ఎద్దడి ఉంటే చాలా జాతుల్లో సుప్తావస్థ తగ్గుతుంది, చల్లగా ఉంటే పెరుగుతుంది. వెలుతురు సంగతి ఇంకా చిత్రం. గింజ చుట్టూ ఉండే కాయ తొక్క, పుష్పకోశం చివరిదాకా పచ్చగా ఉంటే ఆ పచ్చదనం ఎరుపు వెలుతురును పీల్చేస్తుంది. అలా ముదిరిన గింజ తర్వాత చీకట్లో మొలవదు, వెలుతురు కోరుతుంది. ముందే ఎండి పలచబడిన కాయలో ముదిరిన గింజ చీకట్లోనూ మొలవగలదు. ఈ సంగతి 1981లోనే ప్రచురితమైంది. కాబట్టి ఏరిన చోటు, నెల ఒక చీటీ మీద రాసి డబ్బాలో వేయండి. రెండు చోట్లవి కలిపేస్తే ఎందుకు మొలవలేదో ఎప్పటికీ అర్థం కాదు.

నీళ్లలో వేస్తే తేలిన గింజలు పారేయాలా?

చింత, రేల లాంటి బరువైన గింజలకి ఈ పరీక్ష కొంతవరకు పనికొస్తుంది. తేలినవి చాలావరకు పురుగు తొలిచినవో తాలువో అయి ఉంటాయి. జిల్లేడు లాంటి గాలికి ఎగిరే గింజలు, సన్నటి గింజలు మంచివైనా తేలుతాయి. అనుమానం ఉంటే ఐదారు గింజలు బ్లేడుతో కోసి చూడండి. లోపల తెల్లగా, గట్టిగా, నిండుగా ఉంటే మంచివే.

## దాచేటప్పుడు

గింజల సీసా కిటికీ దగ్గర పెట్టాను. వెలుతురు తగిలి పాడవుతాయా?

ఎండిన గింజకి వెలుతురు తగిలినా మొలకకి సంకేతం అందదు. వెలుతురును గుర్తించే వ్యవస్థ గింజ నీరు పీల్చాకే సరిగ్గా పనిచేస్తుంది. కిటికీ దగ్గర అసలు సమస్య వేడి. విత్తన నిల్వలో పాత లెక్క ఒకటి ఉంది: గింజలో తేమ 1 శాతం తగ్గినా, నిల్వ ఉంచే చోట 5 డిగ్రీలు తగ్గినా గింజ ఆయుష్షు దాదాపు రెట్టింపు. ఇది సుమారు లెక్కే, ఎండబెట్టడాన్ని తట్టుకునే గింజలకే. నీడలో బాగా ఆరనిచ్చి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యు బ్యాంకులో జొన్న, కంది విత్తనాలను దాచేదీ ఈ సూత్రం మీదే. వాళ్లు ఇంకా బాగా ఆరబెట్టి, ఇంకా చల్లగా ఉంచుతారు, అంతే.

వేప, నేరేడు గింజలు దాచి వచ్చే ఏడు వేయొచ్చా?

కుదరదు. నేరేడు గింజ ఎండితే చస్తుంది. పండు తిన్న వారం, పది రోజుల్లో మట్టిలో పడాలి. వేప కొంచెం నయం, అయినా గుజ్జు కడిగి నీడలో ఆరబెట్టి రెండు, మూడు వారాల్లో వేసేయడం మంచిది. మామిడి టెంక కూడా ఇంతే. వీటి పళ్లు సరిగ్గా వానలు మొదలయ్యే రోజుల్లో రాలుతాయి. ఆగాల్సిన పని లేదు కాబట్టి ఆగే ఏర్పాటూ వాటికి లేదు.

మట్టిలో పడ్డ గింజ ఎన్నేళ్లు బతుకుతుంది?

జాతిని బట్టి వారం నుంచి వందేళ్లకు పైగా. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో విలియం బీల్ అనే వృక్షశాస్త్రవేత్త 1879లో 20 సీసాల్లో తడి ఇసుకతో గింజలు కలిపి పాతిపెట్టాడు. ఒక్కో సీసాలో 21 రకాల మొక్కలవి, రకానికి 50 గింజలు. 2021లో తవ్వి తీసిన సీసాలో 20 గింజలు మొలిచాయి. 142 ఏళ్ల తర్వాత! అన్నీ వెర్బాస్కమ్ అనే కలుపు మొక్కకి చెందినవే. ఆ సీసాను తెల్లవారకముందు, చీకట్లో, ఆకుపచ్చ టార్చిలైట్ల వెలుగులో తవ్వారు. మామూలు వెలుతురు తగిలితే గింజలకి ముందే సంకేతం వెళ్లిపోతుందని వాళ్ల జాగ్రత్త. చివరి సీసాను 2100లో తీయాలట.

## విత్తే ముందు

తంగేడు గింజలు వేసి నెల అయింది. రోజూ నీళ్లు పోస్తున్నా ఒక్కటీ రాలేదు. చచ్చిపోయాయా?

ఒకటి తవ్వి తీసి చూడండి. వేసినప్పటి లాగే గట్టిగా, ఎండుగా ఉంటే బతికే ఉంది, నీరే లోపలికి వెళ్లలేదు. మెత్తగా నలిగిపోతే కుళ్లిపోయింది. తంగేడు, రేల, తుమ్మ, తగిరిస లాంటి చిక్కుడు జాతి గింజల తొక్క నీటిని అస్సలు రానివ్వదు. ఎంత వెలుతురు ఉన్నా, ఎంత తడి ఉన్నా లాభం లేదు. తొక్కకి ఎక్కడో ఒక చోట గాటు పడాలి. గింజకి మచ్చ ఉన్న వైపు కాకుండా రెండో వైపు గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్దండి, లోపలి లేత రంగు కనబడగానే ఆపేయండి. రాత్రంతా నీళ్లలో వేస్తే పొద్దునకి ఉబ్బుతుంది. ఉబ్బినవి వేయండి, ఉబ్బనివి మళ్లీ రుద్దండి. అడవిలో ఈ పని వేసవి ఎండలు, చలి రాత్రులు, రాళ్ల రాపిడి చేస్తాయి, కాకపోతే ఏళ్లు పట్టొచ్చు.

వేడి నీళ్లలో వేయమంటారు. ఎంత వేడి, ఎంతసేపు?

నీళ్లు మరిగాక పొయ్యి కట్టేసి, గిన్నె కిందకి దింపి, అప్పుడు గింజలు వేయండి. గింజలకి ఐదింతలు నీళ్లు ఉండాలి. అలాగే చల్లారనిచ్చి రాత్రంతా వదిలేయండి. గింజలతో పాటు మరిగించకూడదు. ఈ పద్ధతి గట్టి తొక్క గింజలకే. గునుగు, తులసి, వేప లాంటివాటిని ఇలా వేస్తే ఉడికిపోతాయి.

మేకలు తిన్న గింజలు బాగా మొలుస్తాయని మా తాత అనేవాడు. నిజమేనా?

తుమ్మ విషయంలో నిజం. మేకలు తుమ్మకాయలు ఇష్టంగా తింటాయి. నమిలిన గింజలు పోతాయి, మిగిలినవాటి తొక్క పొట్టలో కొంత అరిగి బయటికి వస్తాయి. అటవీ నర్సరీల వాళ్లు మేకల దొడ్డి నుంచి తుమ్మ గింజలు సేకరించడం ఎప్పటి నుంచో ఉన్నదే. మీకు దొడ్డి అందుబాటులో ఉంటే గరుకు కాగితం, వేడి నీళ్లు ఏవీ అక్కర్లేదు. ఇంట్లో సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో ఈ పని చేద్దామని కొందరు అడుగుతుంటారు. నర్సరీల్లో చేస్తారు, ఇంట్లో మాత్రం వద్దే వద్దు.

గురివింద, ఉమ్మెత్త గింజలు రుద్దొచ్చా?

పిల్లలున్న ఇంట్లో వద్దు. గురివింద గింజ తొక్క పగలనంత వరకే ఫర్వాలేదు. రుద్దినా గుచ్చినా లోపలి విషం బయటపడుతుంది, అది చాలా ప్రమాదకరమైనది. ఉమ్మెత్త గింజా విషమే. సీతాఫలం గింజల పొడి కళ్లలో పడితే కంటికి హాని చేస్తుంది, వాటిని రుద్దేప్పుడు తడి చేసి రుద్దండి, తర్వాత చేతులు కడుక్కోండి.

## వెలుతురు దగ్గర

అసలు గింజ మొలవడానికి వెలుతురు కావాలా, చీకటి కావాలా?

మూడు రకాలున్నాయి. వెలుతురు తగిలితేనే మొలిచేవి, వెలుతురు తగిలితే ఆగేవి, రెండింట్లోనూ మొలిచేవి. మూడింట్లో మీది ఏదో ఊహించడానికి గింజ సైజు మంచి గుర్తు. గసగసాలంత ఉంటే వెలుతురు కావాలని అనుకోండి. అంత చిన్న గింజలో ఉన్న తిండి మొలకను కొద్ది మిల్లీమీటర్ల మట్టిలోంచి పైకి తేవడానికే చాలుతుంది. లోతున మొలిస్తే పైకి రాకముందే తిండి అయిపోతుంది. పైకి దగ్గరగా ఉన్నానని దానికి తెలిసేది వెలుతురు వల్లే. చింత, కానుగ, మోదుగ లాంటి పెద్ద గింజలకి ఆ భయం లేదు, చీకట్లోనే మొలుస్తాయి.

పాతబస్తీ గోడల మీద, గోల్కొండ కోట రాళ్ల సందుల్లో రావి మొక్కలు చూసే ఉంటారు. పక్షి రెట్టలో వచ్చిన రావి గింజ ఆవగింజ కన్నా చిన్నది, మొలవడానికి వెలుతురు కోరుతుంది. గోడ పగులులో కాస్త తేమ, పైన ఎండ, పోటీకి ఇంకో మొక్క లేకపోవడం, దానికి అంతకన్నా మంచి చోటు లేదు. అదే గింజను మీరు కుండీలో అంగుళం లోతున పాతితే మొలవదు.

గింజకి కళ్లు లేవు కదా, వెలుతురు ఎలా తెలుస్తుంది?

ఫైటోక్రోమ్ అనే వర్ణద్రవ్యం వల్ల. ఇది నిజంగానే స్విచ్ లాగా పనిచేస్తుంది. 660 నానోమీటర్ల దగ్గరి ఎరుపు వెలుతురు పడితే ఆన్, 730 దగ్గరి ఫార్-రెడ్, అంటే ఎరుపు చివరి అంచు వెలుతురు, పడితే ఆఫ్. ఫార్-రెడ్ మన కంటికి దాదాపు కనపడదు. అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో బోర్త్‌విక్, హెండ్రిక్స్ బృందం 1952లో లెట్యూస్ గింజల మీద ఇది చూపించింది. తడిపిన గింజల మీద ఒకసారి ఎరుపు, ఒకసారి ఫార్-రెడ్ మార్చి మార్చి వేశారు. ఎన్నిసార్లు మార్చినా చివర పడిన రంగే లెక్కలోకి వచ్చింది. చివర ఎరుపైతే మొలిచాయి, ఫార్-రెడ్ అయితే చాలావరకు ఆగిపోయాయి.

ఆన్ అయిన ఫైటోక్రోమ్ గింజలో మొలకను ప్రేరేపించే జిబ్బరెల్లిన్ హార్మోన్‌ను పెంచి, మొలకను ఆపి ఉంచే అబ్సిసిక్ ఆమ్లాన్ని తగ్గిస్తుంది. వెలుతురు కోరే చాలా గింజలు జిబ్బరెల్లిక్ ఆమ్లంలో నానబెడితే చీకట్లోనూ మొలిచేది అందుకే.

వేప చెట్టు కింద చల్లాను. నీడ, తేమ అన్నీ ఉన్నాయి. అయినా గునుగు మొలవలేదు, ఎందుకు?

నీడ అంటే వెలుతురు తగ్గడమే కాదు, రంగు మారడం కూడా. ఆకులోని పత్రహరితం ఎరుపును పీల్చుకుని ఫార్-రెడ్‌ను కిందికి వదిలేస్తుంది. ఆరుబయట ఎండలో ఎరుపు, ఫార్-రెడ్ దాదాపు సమానంగా ఉంటాయి, ఎరుపే కాస్త ఎక్కువ. దట్టమైన ఆకుల కింద ఎరుపు పదో వంతుకి కూడా పడిపోవచ్చు. గింజకి అది "పైన పెద్ద మొక్క ఉంది, ఇప్పుడు మొలిస్తే ఎండ దక్కదు" అన్న కబురు. అందుకే ఆగింది, చచ్చిపోలేదు. కొమ్మ నరికినా, చెట్టు పడిపోయినా ఆ చోట ఒక్కసారిగా మొక్కలు లేచేది ఇందుకే. గునుగు, తుమ్మి లాంటివి ఆరుబయట చల్లండి. చెట్టు కింద ఏదైనా కావాలంటే పెద్ద గింజల మొక్కలు చూడండి.

గ్రీన్ నెట్ కింద కూడా ఇదే సమస్య వస్తుందా?

అంతగా రాదు. నెట్ రంధ్రాల్లోంచి వచ్చే ఎండ రంగు మారదు, మొత్తం తగ్గుతుంది అంతే. వేసవిలో 50 శాతం నీడనిచ్చే నెట్ మంచిదే.

ఫ్లాట్‌లో ఎండ రాదు. ఎల్ఈడీ బల్బు సరిపోతుందా?

మొలకెత్తే దశకి సరిపోతుంది. తెల్ల ఎల్ఈడీలో, ట్యూబ్‌లైట్‌లో ఎరుపు ఉంటుంది, ఫార్-రెడ్ చాలా తక్కువ. చాలా గింజలకి ఆ స్విచ్ వేయడానికి కొద్ది వెలుతురే చాలు. పాత ఫిలమెంట్ బల్బు మంచిది కాదు, దాంట్లో ఫార్-రెడ్ ఎక్కువ, పైగా వేడి. వెయ్యి రూపాయలు పోసి ఊదారంగు గ్రో లైట్ కొనాల్సిన పనేమీ లేదు, కనీసం ఈ దశలో. మొలక వచ్చాక మాత్రం లెక్క మారుతుంది. అప్పుడు కావాల్సింది సంకేతం కాదు, తిండి. అరడుగు ఎత్తులో బల్బు పెట్టి రోజుకి 12 గంటలకు తక్కువ కాకుండా ఉంచాలి, లేదా ఎండలోకి మార్చాలి.

ఎంత లోతులో వేయాలి?

పెద్ద గింజైతే దాని మందానికి రెండు, మూడింతలు. సన్నగింజ అయితే అసలు పాతొద్దు. తడిపిన మట్టి మీద చల్లి, అరచేత్తో మెల్లగా ఒత్తి, గింజ కనబడేంత పలచగా సన్న ఇసుక దులపండి. మట్టిలోకి వెలుతురు కొద్ది మిల్లీమీటర్లే దిగుతుంది, మన నల్ల రేగడిలో ఇసుక నేల కన్నా ఇంకా తక్కువ. పైపైన ఉన్న గింజకి ఎండిపోయే ప్రమాదం ఉంది కాబట్టి నీళ్లు పై నుంచి పోయకుండా స్ప్రే కొట్టండి, లేదా కుండీని నీళ్ల పళ్లెంలో నిలబెట్టి కింద నుంచి పీల్చుకోనివ్వండి.

కలుపు తవ్వి పారేసిన రెండు వారాలకే రెట్టింపు వచ్చింది. ఎందుకు?

తవ్వడంతో లోపలి గింజలను పైకి తెచ్చి వెలుతురు చూపించారు. ఏళ్ల తరబడి మట్టిలో ఉన్న కొన్ని గింజలకి వెలుతురు మీద సున్నితత్వం విపరీతంగా పెరుగుతుంది. మన ఉమ్మెత్తకి దగ్గరి బంధువైన ఒక జాతి మీద అర్జెంటీనా పరిశోధకులు చూస్తే, సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువసేపు ఎండ తగిలినా చాలింది. నాగలి తిరగేసినప్పుడు గింజ ఒక్క క్షణం పైకి వచ్చి మళ్లీ మట్టిలో పడినా పని అయిపోయినట్టే. 1990లో జర్మనీలో కొందరు ఈ కారణంతోనే రాత్రిపూట దున్ని చూసి, కలుపు బాగా తగ్గిందని చెప్పారు. తర్వాత వేరే చోట్ల ఫలితాలు అంత బాగా రాలేదు, ఎందుకంటే చీకట్లోనూ మొలిచే కలుపు ఉంటుంది కదా. వయ్యారిభామ అలాంటిదే, వెలుతురు ఉన్నా లేకున్నా మొలుస్తుంది. దాన్ని పూత రాకముందే వేళ్లతో పీకాలి, చేతులకి గ్లౌజులు తప్పనిసరి, చాలామందికి దానితో అలర్జీ. మిగతా చోట మట్టిని కదపకుండా ఆకుల మల్చింగ్ వేసి వదిలేయండి.

నా గింజకి వెలుతురు కావాలో వద్దో ఇంట్లో తేల్చుకోవచ్చా?

సులువే. ఒకే రకం స్వీటు డబ్బాలు రెండు, మూత పారదర్శకంగా ఉన్నవి తీసుకోండి. రెండింట్లోనూ తడి టిష్యూ పరిచి, చెరి పాతిక గింజలు పేర్చండి. ఒకదాన్ని వెంటనే అల్యూమినియం ఫాయిల్‌తో రెండు పొరలు చుట్టేయండి. రెండూ పక్కపక్కనే, నేరుగా ఎండ పడని వెలుతురులో పెట్టండి. వెలుతురు డబ్బాలో లెక్క రోజూ చూడొచ్చు. ఫాయిల్ డబ్బాను మాత్రం పరీక్ష ముగిసేదాకా తెరవొద్దు, "ఒక్కసారి చూద్దాం" అని తెరిస్తే పరీక్ష అక్కడితో అయిపోయింది. రెండు వారాల తర్వాత రెండూ పోల్చండి. గట్టి తొక్క గింజలైతే ముందు రుద్ది, ఉబ్బాకే పెట్టాలి, లేకపోతే రెండు డబ్బాల్లోనూ సున్నా వస్తుంది, ఏమీ తెలియదు.

పౌర్ణమికి విత్తితే వెన్నెల వల్ల బాగా మొలుస్తాయా?

వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. నిండు వెన్నెల అర లక్స్ కూడా ఉండదు. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్. పగటి ఎండ తగిలే గింజకి వెన్నెల కొత్తగా చేసేదేమీ ఉండదు.

## వేడి, నీళ్లు, మట్టి

ఏప్రిల్‌లో గట్టి వాన పడింది. అప్పుడు మొలవని గింజలు జూన్‌లో ఎలా మొలిచాయి?

వానాకాలపు ఏకవార్షికాలు (ఒక్క ఏడాదిలోనే మొలిచి, గింజ రాల్చి చచ్చిపోయే మొక్కలు) చాలావరకు చలికాలంలో గింజ రాలుస్తాయి. రాలిన కొత్తలో ఆ గింజల్లో సుప్తావస్థ ఎక్కువ. మార్చి నుంచి మే దాకా ఎండు మట్టిలో వేడికి పడి ఉండగా అది మెల్లగా కరుగుతుంది. ఏప్రిల్ అకాల వాన నాటికి పని సగమే అయి ఉంటుంది. అప్పుడు మొలిచిన ఒకటీ అరా మే నెల 40 డిగ్రీల ఎండకి మాడిపోతాయి కూడా. రోహిణి కార్తె దాటేసరికి గింజలు సిద్ధంగా ఉంటాయి, వాన పడగానే లేస్తాయి. మీరు జనవరిలో ఏరిన గింజలను ఫిబ్రవరిలో వేసి మొలవలేదని టెన్షన్ పడొద్దు. కాగితపు కవర్లో గది వేడికే ఉంచి జూన్‌లో వేయండి. ఇలాంటివాటిని ఏరిన రోజే ఫ్రిజ్‌లో పెడితే ఈ పక్వం జరగదు.

కుండీలు మే నెలలో మిద్దె మీద ఉండొచ్చా?

తడి గింజలు ఉన్నవైతే వద్దు. మిద్దె గచ్చు మీది నల్ల ప్లాస్టిక్ కుండీలో మట్టి గాలి కన్నా చాలా వేడెక్కుతుంది. ఎండు గింజ తట్టుకునే వేడిని నీరు పీల్చిన గింజ తట్టుకోలేదు. చాలావాటికి 25 నుంచి 30 డిగ్రీలు అనువు. పగలు, రాత్రి మధ్య ఎనిమిది, పది డిగ్రీల తేడా ఉండటం మాత్రం మంచిదే. మట్టి లోతుకి వెళ్లేకొద్దీ ఆ తేడా తగ్గుతుంది, మొక్కలు కప్పిన చోటా తగ్గుతుంది. అందుకే కొన్ని చిన్న గింజలు ఆ తేడాను కూడా చూస్తాయి. ఏసీ గదిలో ఒకే వేడిలో పెట్టి మొలవలేదనేవాళ్లు డబ్బాను బాల్కనీలోకి మార్చి చూడాలి.

మాకు బోరు నీళ్లే. అవి పోస్తే మొలవవా?

కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే ఆ నీళ్లలో లవణాలు ఎక్కువ. లవణాలు ఎక్కువైతే గింజ నీరు పీల్చడం కష్టమవుతుంది, పెరిగిన మొక్క తట్టుకున్నా మొలక తట్టుకోదు. మొలిచేదాకా వాన నీళ్లు పట్టి వాడండి, లేదా నల్లా నీళ్లు. మట్టిలో వర్మీకంపోస్ట్ ఎక్కువ కలపడం వల్లా ఇదే ఇబ్బంది వస్తుంది. ఎర్ర చెలక మట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

పొగ పెడితే గింజలు మొలుస్తాయని వీడియోలో చూశాను. చేయనా?

పొగలో మొలకను ప్రేరేపించే కారికిన్ అనే పదార్థాన్ని 2004లో గుర్తించారు. తరచూ కార్చిచ్చు వచ్చే ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా పొదల మొక్కల్లో దీని ప్రభావం బాగా కనిపిస్తుంది. తంగేడుకి కావాల్సింది తొక్క మీద గాటు, పొగ కాదు. అపార్ట్‌మెంట్‌లో పొగ పెట్టి గొడవ తెచ్చుకోకండి.

సీడ్ బాల్స్ (గింజ పెట్టి చేసిన మట్టి బంతులు) విసరడం వల్ల లాభం ఉందా?

ఏ గింజ పెట్టారన్నదాన్ని బట్టి. తుమ్మ, చింత, కానుగ గింజలు బంతిలో పెట్టి తొలి గట్టి వాన తర్వాత ఖాళీ నేలలో వేస్తే కొన్ని నిలబడతాయి. నేరేడు, వేప గింజలు పెట్టి బంతులను పది రోజులు ఎండబెట్టి, నెల తర్వాత కార్యక్రమం రోజున విసిరితే అప్పటికే లోపల చాలావరకు చచ్చి ఉంటాయి. సన్నగింజలు బంతి నడుమ చీకట్లో ఉండిపోతాయి, వానకి బంతి పూర్తిగా కరిగితే తప్ప వెలుతురు చూడవు. గడ్డి దట్టంగా ఉన్న చోట, చెట్ల కింద విసరడం కూడా వృథా. నాకైతే ఫొటోల కోసం వెయ్యి బంతులు చేయడం కన్నా గడ్డపారతో పది గుంతలు తీసి పది గింజలు నేరుగా వేయడం నచ్చుతుంది.

## మొలిచాక

మొలకలు తెల్లగా, సన్నగా సాగి పడిపోతున్నాయి. ఎరువు వేయాలా?

ఎరువు వద్దు, వెలుతురు కావాలి. చీకట్లో మొలక తన తిండంతా పొడవు పెరగడానికే ఖర్చు పెడుతుంది, వెలుతురు దొరికేదాకా ఆకు విప్పదు, పచ్చబడదు. మొదటి మొలక కనిపించిన రోజే డబ్బా మూత తీసి వెలుతురులోకి మార్చండి. నేరుగా మధ్యాహ్నపు ఎండలో కాదు, ముందు పొద్దుటి ఎండ, వారం తర్వాత పూర్తి ఎండ. ఇప్పటికే బాగా సాగినవి తిరిగి గట్టిపడటం కష్టం, కొత్తగా వేసుకోవడం మేలు.

మొలకలు బాగానే వచ్చాయి, మొదలు దగ్గర నల్లబడి కూలిపోతున్నాయి.

నారుకుళ్లు తెగులు. తడి ఎక్కువ, గాలి తక్కువ అయితే వస్తుంది. జూలై ముసురు రోజుల్లో మరీ ఎక్కువ. గింజలు ఒత్తుగా చల్లకండి, పై మట్టి ఆరాకే నీళ్లు పోయండి. తెగులు వచ్చిన కుండీ మట్టిని మళ్లీ మొలకలకి వాడొద్దు.

తంగేడు మొలకను పెద్ద కుండీలోకి ఎప్పుడు మార్చాలి?

నాలుగు ఆకులు రాకముందే. దాని తల్లివేరు మొదటి వారాల్లోనే లోతుకి దిగుతుంది, ఆలస్యమైతే పీకేప్పుడు తెగుతుంది. అసలు చివర ఎక్కడ పెంచాలనుకున్నారో అక్కడే గింజ వేయడం అన్నిటికన్నా మేలు. జమ్మి, మోదుగకీ ఇదే మాట.

సీతాఫలం గింజలు వేసి నలభై రోజులైంది. ఇంకెన్నాళ్లు చూడాలి?

సీతాఫలం గింజలో పిండం చాలా చిన్నగా ఉంటుంది. గింజ రాలాక, తడి తగిలాక అది లోపలే పెరిగి, ఆ తర్వాత బయటికి రావాలి. వెచ్చగా ఉంటే నెల నుంచి రెండు నెలలు పడుతుంది, చలికాలంలో వేస్తే ఇంకా ఆలస్యం. మట్టిని ఎండనివ్వకుండా, బురద కానివ్వకుండా చూస్తూ ఉండండి. మాటిమాటికీ తవ్వి చూడొద్దు, మొలక వేరు అప్పుడే విరిగేది. రెండు నెలలు దాటాక ఒక గింజను కోసి చూడండి. లోపల తెల్లగా గట్టిగా ఉంటే కుండీని అలాగే ఓ మూల ఉంచి వచ్చే వానల దాకా ఆగొచ్చు, గోధుమరంగులో మెత్తబడి ఉంటే మట్టి ఖాళీ చేసి వేరే గింజలు వేసుకోండి.